రెజిమెంటల్ బజార్‌లో వేలాడే జర్మన్ విమానం

ఈ ప్రయాణానికి కారణం ఒక మాట మీద నాకు పుట్టిన మోజు. మా కాలేజీ వార్షిక పత్రికలో ఈసారి తొలినాళ్ళ విమానాలు నడిపినవాళ్ళ గురించి వ్యాసాలు వేస్తున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని ఎంచుకోవాలి. జాబితాలో "మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధవిమాన చోదకుడు" అని కనబడగానే చెయ్యెత్తేశాను. ఆయనెవరో నాకు తెలియదు. "చోదకుడు" అన్న మాట నోట్లో బాగా తిరిగింది, అంతే. ఆ తర్వాత మూడు వారాలు లైబ్రరీలో కూర్చుని చదివాను. ఆయన పేరును తెలుగులో మూడు రకాలుగా రాసి మూడూ కొట్టేశాను. జర్మన్ నేర్చుకుంటున్న సీనియర్ ఒకమ్మాయి నాలుగో రకంగా పలికింది. అందుకని ఇక్కడ ఆయన్ని పైలట్ అనే అంటాను.

చదివినకొద్దీ ఆయన నాకు నచ్చాడు. చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఇంట్లో పుట్టాడు. గుర్రాలంటే ప్రాణం కాబట్టి సైన్యంలో గుర్రపు దళంలో చేరాడు. యుద్ధం మొదలైన కొన్ని నెలలకే రెండు వైపుల సైనికులూ కందకాల్లో దిగబడిపోయారు, గుర్రాలకు పని లేకుండా పోయింది. అప్పుడు విమానాల వైపు వెళ్ళాడు. మొదట వెనక సీట్లో కూర్చుని కింద శత్రువులు ఎటు కదులుతున్నారో చూసి పటం గీసేవాడు. తర్వాత తనే నడపడం నేర్చుకున్నాడు. అప్పటి విమానమంటే కర్ర చట్రానికి గుడ్డ చుట్టింది. కొన్నాళ్ళకు ముందు తిరిగే పంకా రెక్కల సందులోంచి తూటాలు దూసుకెళ్ళేలా తుపాకిని ఇంజనుతో జతచేసిన ఒంటి రెక్క విమానం వచ్చింది. అది ఆయన చేతికి వచ్చాక ఆయన పేరు ఊరూరా మోగింది. మెడలో పతకం పడింది. ఆయన ఫోటోతో పోస్టుకార్డులు అమ్మారు. తను కూల్చిన విమానంలోని మనిషి బతికుంటే ఆసుపత్రికి వెళ్ళి పలకరించేవాడట. జర్మన్ భాషలో యుద్ధవిమానం నడిపేవాణ్ణి "వేట మీద ఎగిరేవాడు" అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారని చదివి, ఆ మాటకే మురిసిపోతూ ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను. చివరికి చిన్న వయసులోనే, ఒక పొగమంచు ఉదయం, ఆయన విమానం కూలిపోయింది. శత్రువు కాల్చాడని ఒక పుస్తకం, యంత్రం చెడిందని ఇంకో పుస్తకం.

"ఆకాశ వీరుడు" అని పేరు పెట్టి వ్యాసం ఇచ్చాను. మా తెలుగు మేడమ్ చదివి పక్కన పెట్టారు. "బాగానే ఉందమ్మా. కానీ ఇది ఎక్కడ కూర్చునైనా రాయొచ్చు. సికింద్రాబాద్ పిల్ల రాసినట్టు ఎక్కడుంది? ఈ ఊరికీ ఆయనకీ ఏదో ఒక ముడి చూపించు. సోమవారం తెస్తే వేస్తాను, లేకపోతే లేదు" అన్నారు. హాల్ టికెట్ మీద తప్ప నా పేరు ఇంతవరకూ అచ్చులో చూసుకోలేదు. ఆ రాత్రే క్లాసు గ్రూపులో అడిగాను. ఒక స్నేహితురాలు వాళ్ళ బాబాయిని అడిగి జవాబు పెట్టింది: "రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణం ముందు జర్మన్ విమానం వేలాడుతుందట. ఆయన చిన్నప్పటినుంచీ చూస్తున్నాడట." నాకు నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి సీతాఫల్‌మండి స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కాను. ఐదు రూపాయల టికెట్, ఒక్క స్టేషన్ దూరం. రైలు ఆలస్యంగా వచ్చిందని చెప్పడం అనవసరం. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు కాబట్టి మీకు పాత దారులు గుర్తుంటే వాటిని నమ్మకండి. రేకులు అడ్డం పెట్టిన చోటల్లా తిరిగి, నేను ఎప్పుడూ బయటికి రాని చోట బయటికొచ్చాను. ఎదురుగా ఉన్న ఆటో అతన్ని అడిగాను.

"అన్నా, రెజిమెంటల్ బజార్‌లో జర్మన్ విమానం ఎక్కడుందో తెలుసా?"

"గిన్నెల దుకాణం కాడ ఏలాడుతది, గదేనా?"

"గిన్నెల దుకాణమా? కాదన్నా, యుద్ధవిమానం."

"యుద్ధమో గిద్ధమో నాకు తెల్వది. విమానమైతే అక్కడనే ఉంటది. నడిచి పొమ్మా, గీడనే. ఎక్కించుకుంటే దిగినంక నువ్వే తిడతవ్ మల్ల."

ఆటో అతనే ఆటో వద్దనడంతో నడిచాను. పది నిమిషాలు పట్టింది. బజారులో సందులు ఇరుకు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. తాళ్ళు, బకెట్లు, పెళ్ళి సామాను దాటాక ఒక పాత దుకాణం ముందు అది కనబడింది. నేను ఊహించుకున్నది తుప్పు పట్టిన శకలం. ఇది నా చెయ్యంత పొడవు. మసకబారిన తెల్లటి రేకు, ఒకే రెక్క, ముందు చిన్న పంకా. చక్రాలు చూస్తే గ్లాసు మూతల్లా ఉన్నాయి. లోపల డెబ్బై దాటిన పెద్దమనిషి గిన్నెలను ఒకదానిలో ఒకటి దూరుస్తున్నారు. ఆయన పేరు నర్సింగ్‌రావు అని తర్వాత తెలిసింది.

"అంకుల్, ఇది జర్మన్ విమానమేనా?"

"అసల్ జర్మన్. ఇప్పటి పల్చటి సరుకు గాదమ్మా. పట్టుకొని సూడు, ఎంత మందముంటదో."

రెక్క పట్టుకుని చూశాను. "ఎవరిదండీ ఇది?"

"ఎవరిదేంది, మాదే. మా నాయిన కొట్టిండు."

"మీ నాన్నగారు కొట్టారా? యుద్ధంలోనా?"

"దుకాణంలనే. ఇగో, గీ మూలకు కూసోని."

"దుకాణంలో కూర్చుని విమానాన్ని కొట్టారా? తుపాకితోనా?"

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "సుత్తెతోని కొడ్తరమ్మా. తుపాకితోని ఎవడన్న రేకు కొడ్తడా? ఏం చదువుతున్నవ్ నువ్వు?"

అప్పుడు వెలిగింది. అల్యూమినియం గిన్నెను మా అమ్మమ్మ కూడా "జర్మన్ గిన్నె" అనే అంటుంది. వందసార్లు విన్న మాట. పుస్తకాల్లో మూడు వారాలు జర్మనీలో తిరిగేసరికి ఇంట్లో ఉన్న జర్మన్‌ను మర్చిపోయాను. నేను వెతుక్కుంటూ వచ్చింది ఒక అల్యూమినియం బొమ్మ. మేడమ్ అడిగిన ముడి విడిపోయింది, నా పేరు అచ్చులోంచి జారిపోయింది. విషయం చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. పక్క దుకాణం వాళ్ళకు కూడా చెప్పి నవ్వించారు. వెంటనే వెళ్ళిపోతే బాగుండదని, గిన్నెల దుకాణానికి విమానం ఎందుకు కట్టారని అడిగాను.

ఆయన నవ్వు ఆపారు. "నవ్విన గని బిడ్డా, నువ్వడిగింది తప్పేం గాదు. అది జర్మనోళ్ళ విమానమే."

నాకు మళ్ళీ అయోమయం. ఏ జర్మన్?

ఆయన ఫ్లాస్కులోంచి చాయ్ పోసి కూర్చోబెట్టారు. వాళ్ళ తాత కంటోన్మెంట్‌లో సైసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కడినుంచి గుర్రపు దళాలు ఓడల్లో ఫ్రాన్సుకు వెళ్ళినప్పుడు గుర్రాలతోపాటు ఆయనా వెళ్ళాడు. ఒకరోజు పొలంలో గుర్రాలను కట్టేసి ఉండగా మబ్బుల్లోంచి ఒంటి రెక్క విమానం ఒకటి దిగింది. మనుషులంతా నేలకు కరుచుకున్నారు. తాత మాత్రం నిలబడే ఉన్నాడు. రెండు గుర్రాల తాళ్ళు ఆయన చేతిలో ఉన్నాయి, వదిలితే అవి తెంపుకుని పోతాయి. విమానం ఎంత కిందికొచ్చిందంటే నడిపేవాడి కళ్ళద్దాలు కనబడ్డాయట.

"అప్పుడు గా విమానంల ఉన్నోడు చెయ్యెత్తిండు," అన్నారు నర్సింగ్‌రావు. తన అరచేతిని నుదుటి దాకా తెచ్చి చూపించారు. "సలాం! ఒక సైసుకు, దుష్మన్ సలాం కొట్టిండు. ఎందుకంటే అందరు పన్నరు, మా తాత పన్లే. తిరిగొచ్చినంక జిందగీ మొత్తం విమానం పైన పోతే చాలు, తాత సుత వాకిట్ల నిలవడి గిట్ల చెయ్యెత్తేటోడు. బేగంపేటకు దిగే విమానాలన్నీ మా నెత్తి మీదికెల్లే పోయేటివి. తాత చెప్పిన పోల్కెలనే మా నాయిన గీ విమానం కొట్టిండు."

ఒంటి రెక్క. మా పైలట్ నడిపిన రకం. అది ఆయనే అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, అలాంటివాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు. కానీ నా బుర్ర నిండా మూడు వారాల చదువు ఉంది కదా, దాన్ని బయటికి తీశాను. ఆ విమానంలో తుపాకి ముందు భాగంలో బిగించి ఉంటుంది, కాల్చే మీట విమానాన్ని నడిపే కడ్డీ మీదే ఉంటుంది, అంటే కాల్చాలంటే చెయ్యి కడ్డీ మీదే ఉండాలి, చెయ్యి పైకెత్తాడంటే కాల్చే ఉద్దేశం లేనట్టే అని వివరించాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇన్నేండ్లకు చదువుకున్న పిల్ల చెప్పింది," అని విమానం వైపు చూశారు. "జెర మంచిగ రాయి బిడ్డా. మా తాత పేరు పేపర్ల ఎన్నడు పడలే."

ఇంకెవరైనా ఈ కథ విన్నారా అని అడిగాను. వాళ్ళ అక్క సుగుణమ్మ ఉన్నారట, ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద, ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటారు. "ఆమెను అడగకు. ఆమెకు అన్నీ తిర్లమర్లనే కనవడ్తయి," అన్నారు, అంటే తలకిందులుగానట. అడగొద్దన్నాక అడగకుండా ఉండటం నాకు చేతకాదు. బతిమాలితే ఫోన్ చేసి చెప్పారు.

సికింద్రాబాద్ నుంచి ఏ.ఎస్. రావు నగర్ వైపు బస్సులు చాలానే ఉన్నాయి. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, జీరో టికెట్ ఇస్తారు, మగవాళ్ళు చిల్లర దగ్గర పెట్టుకోండి. నేను ఫోన్‌లో ఆధార్ ఫోటో చూపిస్తే కండక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్ల ఫోటో నడ్వదమ్మా, కార్డే గావాలె" అంది. సంచి అడుగున కార్డు దొరికేదాకా బస్సంతా నన్నే చూసింది. ట్రాఫిక్‌లో దాదాపు గంట పట్టింది. ఆ గంటలో నేను కొత్త ముగింపు రాసుకున్నాను: "శత్రువులోని ధైర్యానికి సలాం చేసిన ఆకాశ వీరుడు." ఆ వాక్యాన్ని పెదాలతో ఎన్నిసార్లు చదువుకున్నానో! అచ్చులో ఎలా కనబడుతుందో కూడా ఊహించుకున్నాను.

సుగుణమ్మ గారి భర్త అక్కడి పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు, అప్పటినుంచీ ఆ ఇల్లే. ఆమె చాప మీద కూర్చుని పుంటికూర, అంటే గోంగూర, తుంచుతున్నారు. నేను మొదలుపెట్టేలోపే, "ముందుగాల తిను. ఆకలితోని రాసేటోళ్ళు అబద్ధాలు రాస్తరు," అని కంచం పెట్టారు. పుంటికూర పప్పు, ఎర్ర కారం, వేడి అన్నం. ఆ పూట తిన్నది ఏ హోటల్లోనూ దొరకదు కాబట్టి ధర చెప్పలేను.

తిన్నాక బస్సులో రాసుకున్న వాక్యం వినిపించాను. ఆమె నవ్వారు.

"సలాం అన్నడా మా తమ్ముడు? తాత గీ కథ చెప్పేటప్పుడు వాడు ఐదేండ్లోడు. సగం కథకే తాత ఒడిల నిద్రపోతుండె. మిగిలిన సగం కలల విన్నట్టున్నడు."

"మరి ఏం జరిగిందమ్మా?"

"తాత ఏమన్నడో అది చెప్త. 'ఆడు చెయ్యెత్తిండు.' గంతే. ఇంకో మాట అనకపోయేటోడు. ఎవడన్న నీ మీద చెయ్యెత్తిండంటే ఏమర్థం? సలాం కొట్టిండనా? కొట్టనీకి వచ్చిండనా?"

నిజమే. తెలుగులో చెయ్యెత్తడమంటే కొట్టబోవడం కూడా. కానీ తుపాకి కడ్డీ సంగతి నా దగ్గరుంది కదా. అదంతా మళ్ళీ చెప్పాను. ఆమె ఓపికగా విని, ఒక కాడ తుంచి పడేసి అడిగారు:

"బాంబు ఇసిరేటోడు సుత చెయ్యెత్తాలె గద, బిడ్డా?"

నేను చదివిన పుస్తకంలోనే ఉంది. ఆ రోజుల్లో చిన్న బాంబులను చేత్తోనే కిందికి విసిరేవారు. ఆ పేజీ చదివాను, గీత కూడా గీసుకున్నాను. దుకాణంలో మాత్రం గుర్తు రాలేదు, ఎందుకంటే నాకు సలాం కావాలి.

"మరి విమానం పోయినప్పుడల్లా ఆయన చెయ్యెత్తేవారట కదా?"

"ఎత్తేటోడు. ఎట్లనో సూడు." ఆమె మోచేతిని మడిచి, చేతిని తల మీదికి అడ్డంగా తెచ్చారు. దెబ్బ కాచుకున్నట్టు. "వాడు ఎన్కకెల్లి సూశిండు, నేను ముంగట కూసోని సూశిన. తాత కండ్లు మూసుకునేటోడు. నిద్రల కూత పెడితే నాయినమ్మ లేచి నీళ్ళిచ్చేది. నువ్వు సలాం అని అచ్చేస్తివనుకో, గా కూత సంగతి ఇగ ఎవ్వరు నమ్ముతరు? తాతను పిరికోడు అంటలేను. నిలవడ్డడు, తాళ్ళు ఇడిశిపెట్టలే. భయంతోనే నిలవడ్డడు. గది ఇంకా పెద్ద సంగతి గాదా?"

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఆ పైలట్ కూడా అర్థం కాకుండా పోయాడు. ఆసుపత్రికి వెళ్ళి శత్రువును పలకరించినవాడూ ఆయనే, ఆ శత్రువును ఆసుపత్రికి పంపినవాడూ ఆయనే. వేట అన్న మాటకు మురిసిపోయిన రోజు, వేటాడబడేది ఎవరో ఆలోచించనే లేదు. "విమానాన్ని కూల్చాడు" అని పదిసార్లు రాశాను, ఏదో గోడను కూల్చినట్టు.

సాయంత్రం నాలుగింటికి బస్‌స్టాపులో నిలబడి ఆ రెండు చేతులనూ చేసి చూశాను. మొదట నర్సింగ్‌రావు గారి చెయ్యి, తర్వాత సుగుణమ్మ గారి చెయ్యి. కిందినుంచి పైకి వెళ్ళే దారి రెండింటికీ ఒకటే, చివర్లోనే విడిపోతాయి. సరిగ్గా ఎక్కడ విడిపోతాయో చూద్దామని చెయ్యి సగంలో ఆపాను. కీచుమంటూ ఒక బస్సు నా ముందు ఆగింది. నేను ఎక్కాల్సింది కాదు.

"ఎక్కుతవా లేదా?" డ్రైవర్ అరిచాడు.

"ఇది కాదన్నా, నేను ఊరికే..."

"ఊరికెనే చెయ్యెత్తుతరా? గిట్ల అందరు పరేషాన్ చేస్తే బండి ఎట్ల నడపాలె?"

ఇంటికి చేరి రాయడానికి కూర్చున్నాను. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరూ తాతను ప్రేమించినవాళ్ళు, ఇద్దరూ ఆయన చెయ్యెత్తడం కళ్ళతో చూసినవాళ్ళు. ఒకరిది రాస్తే ఇంకొకరిది కొట్టేసినట్టే. బస్సులో రాసిన ముగింపు తీసేశాను. "ఆకాశ వీరుడు" అన్న పేరునూ తీసేశాను, దానికి మాత్రం నొప్పి కలిగింది. పైలట్ జీవితమంతా చెప్పి, ఆయనలాంటి ఒంటి రెక్క విమానం ఒకటి ఒకరోజు సికింద్రాబాద్ సైసు మీదికి దిగిందని రాసి, చివర్లో ఆ సైసు అన్న మాటనే ఉన్నదున్నట్టు పెట్టాను: "అందరూ పడుకున్నారు. ఆయన గుర్రాల తాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. విమానంలోని మనిషి చెయ్యెత్తాడు."

ఆదివారం పొద్దున ఇద్దరికీ ఫోన్‌లో చదివి వినిపించాను. నర్సింగ్‌రావు గారు ఇంకోసారి చదివించుకున్నారు. తర్వాత, "మస్తు రాసినవ్ బిడ్డా. సలాం సంగతి మంచిగ వచ్చింది," అన్నారు. సుగుణమ్మ గారు పూర్తిగా విని, "గదే నేను చెప్పిన. నువ్వన్న నా మాట ఇన్నవ్," అన్నారు. ఇద్దరి మాటనూ సరిదిద్దలేదు. సోమవారం మేడమ్ చదివి, "చెయ్యెత్తడమంటే ఇక్కడ నమస్కారమా, దెబ్బా?" అని అడిగారు. తెలియదన్నాను. ఆమె నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, వ్యాసాన్ని అచ్చుకు వెళ్ళే దొంతరలో పెట్టారు.

అచ్చవుతోంది. సంతోషంగా ఉంది. కానీ ఒక సంగతి తేలడం లేదు. ఒకే వాక్యం విని ఇద్దరూ తమ మాటే గెలిచిందనుకున్నారు. ఆ వాక్యం ఇద్దరి నిజాన్నీ మోసిందా, లేక నేను ఇద్దరి దగ్గరినుంచీ తప్పించుకోవడానికి పనికొచ్చిందా? మాటలను ప్రేమించడం మొదలుపెట్టినప్పుడు అవి ఉన్నదాన్ని చూపిస్తాయనుకున్నాను. ఇంత చిన్న మాట కింద ఇద్దరు మనుషులు, ఒక యుద్ధం, గుర్రాల తాళ్ళు పట్టుకున్న ఒక చెయ్యి దాక్కోగలవని అనుకోలేదు. ఆ విమానంలోని మనిషి ఆ రోజు చెయ్యెందుకు ఎత్తాడో అతనికైనా స్పష్టంగా తెలుసో లేదో.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క సలహా. దుకాణం ఆదివారం మూసి ఉంటుంది, శనివారమే వెళ్ళండి, విమానం చూడటానికి పావుగంట చాలు. కానీ సాయంత్రం దాకా ఖాళీ ఉంచుకోండి. నర్సింగ్‌రావు గారు కథ చెప్పాక అక్కను అడగొద్దంటారు. అడగండి.